అచ్చు గుద్దినట్టుందని అనే ముందు: తుపాకీ, పనిముట్ల గుర్తుల పరిశీలనకు తొలి పాఠాలు

తుపాకీ గుర్తుల పరిశీలన నేర్చుకోవాలనుకునేవారు ముందుగా తుపాకీ ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచిస్తారు. మొదటి నెలలో దాని అవసరమే రాదు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లోని ఏ హార్డ్‌వేర్ దుకాణానికైనా వెళ్ళి, ఒకే కంపెనీవి, ఒకే కొలతవి రెండు కొత్త ఉలులు, రెండు స్క్రూడ్రైవర్లు, కాస్త సీసపు రేకు కొనుక్కుంటే చాలు. గట్టి లోహం మెత్తని లోహాన్ని ఒరుసుకున్నప్పుడు తన అంచులోని ఎగుడుదిగుళ్ళను దానిమీద గీతలుగా వదిలి వెళ్ళడమే ఈ శాస్త్రానికంతటికీ మూలం. బీరువా తలుపును పెకలించిన స్క్రూడ్రైవర్‌కు వర్తించే సూత్రమే బుల్లెట్‌ను బయటికి పంపిన తుపాకీ గొట్టానికీ వర్తిస్తుంది కనుక, ఫోరెన్సిక్ నిపుణులు తుపాకీని కూడా ఒక పనిముట్టుగానే లెక్కిస్తారు. పైగా మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు దగ్గర ఉంచుకోవడం 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం నేరం. చదువు పేరుతోనైనా, సరదాకైనా వాటి జోలికి పోకూడదు.

మాటల విషయంలో ముందే ఒక స్పష్టత అవసరం. పత్రికల్లో తూటా, బుల్లెట్ అనే మాటలు ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. ఈ వ్యాసంలో తూటా అంటే మందుగుండు, బుల్లెట్, అడుగున పేలుడు టోపీ కలిసి ఉన్న మొత్తం వస్తువు. బుల్లెట్ అంటే గొట్టంలోంచి దూసుకుపోయే ముక్క మాత్రమే. కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని ఖాళీ తూటా అంటాను.

ఉలితో మొదటి పాఠం

గుర్తులు ప్రధానంగా రెండు తీరులు. పనిముట్టును నేరుగా అదిమినప్పుడు పడేది ఒత్తుడు గుర్తు. అది ఒరుసుకుంటూ జారినప్పుడు పడేది గీరుడు గుర్తు. సుత్తి దెబ్బ మొదటిదానికి ఉదాహరణ, ఉలి గీత రెండోదానికి. సీసపు రేకును ఒక చెక్కకు బిగించి, మొదటి ఉలిని 30 డిగ్రీల వాలులో పట్టుకొని నాలుగు అంగుళాల మేర ఒకే ఒత్తిడితో లాగండి. తరువాత 45 డిగ్రీల్లో, ఆపైన 60 డిగ్రీల్లో అదే పని చేయండి. ఉలికి రెండు ముఖాలు ఉంటాయి కాబట్టి, ఏ ముఖం కిందికి పెట్టి లాగారో కూడా ప్రతి గీత పక్కన రాసుకోవాలి. ల్యాబుల్లో నమూనా గీతలకు సీసాన్ని ఎంచుకోవడానికి కారణం అది మెత్తగా ఉండడమే: సన్నని గీతలు కూడా దానిమీద తేటగా పడతాయి, అనుమానిత పనిముట్టు అంచు మాత్రం చెడదు. సీసం విషపదార్థం కనుక పని ముగిశాక చేతులు శుభ్రంగా కడుక్కోవాలి.

ఇప్పుడు గదిలో దీపాలు ఆర్పి, చిన్న టార్చిని రేకుకు దాదాపు సమాంతరంగా, పక్కనుంచి వేయండి. పైనుంచి వెలుగు పడితే రేకు నున్నగా మెరుస్తుంది తప్ప ఏమీ కనబడదు. ఏటవాలుగా పడినప్పుడు ప్రతి గీత పక్కనా నీడ ఏర్పడి లోతు తెలుస్తుంది. కంప్యూటరుకు తగిలించే చౌక మైక్రోస్కోపు గానీ, ఫోనుకు అమర్చే మాక్రో లెన్సు గానీ ఈ దశకు చాలు. రెండు ఫొటోలను ఒకే పరిమాణంలో, ఒకే దిక్కు వెలుగులో తీసి, తెర మధ్యలో గీత పెట్టి పక్కపక్కన జరిపి చూడండి. ఒకే ఉలితో ఒకే వాలులో లాగిన రెండు గీతలు ఒకదానిలోంచి ఒకటి సాగినట్టు కలిసిపోతాయి. అదే ఉలితో 30 డిగ్రీల్లో లాగినదీ, 60 డిగ్రీల్లో లాగినదీ పెడితే చాలాసార్లు పొంతన కుదరదు. ఈ రెండో అనుభవం మొదటిదానికంటే విలువైనది. పోలిక కనబడనంత మాత్రాన పనిముట్టు వేరని చెప్పలేమన్న సంగతి పుస్తకంలో చదివితే ఒంటబట్టదు, కళ్ళారా చూడాలి.

ఆ తరువాత రెండో ఉలిని తీసుకోండి. కొత్త ఉలుల అంచులను కర్మాగారంలో సానపట్టిన గీతలు రెండింటిమీదా ఒకే దిక్కులో, ఒకే మందంతో ఉండవచ్చు. తొలిచూపులో రెండూ అచ్చు గుద్దినట్టు కనబడతాయి. వారం రోజులు వాటిని వాడి, ఒకదాని అంచును ఆకురాయితో రెండుసార్లు రుద్ది మళ్ళీ నమూనా గీతలు తీస్తే, వాడకం వల్ల గుర్తు ఎలా మారుతుందో తెలుస్తుంది. నేరం జరిగిన ఆరు నెలలకు పనిముట్టు దొరికితే నిపుణుడికి ఎదురయ్యే చిక్కు సరిగ్గా ఇదే.

పనిముట్ల గుర్తులు ఎంతదూరం తీసుకుపోగలవో తెలియాలంటే 1932లో అమెరికాలోని న్యూజెర్సీలో జరిగిన, ప్రఖ్యాత విమాన చోదకుడు చార్లెస్ లిండ్‌బర్గ్ పసిబిడ్డ అపహరణ కేసును చదవాలి. దుండగుడు వదిలిపోయిన చెక్క నిచ్చెనను విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లోని అటవీ ఉత్పత్తుల ప్రయోగశాలలో పనిచేసే ఆర్థర్ కోలర్ పరిశీలించారు. మిల్లు యంత్రం చిత్రిక పట్టిన గుర్తుల లెక్కను బట్టి ఆ కలప దక్షిణ కరోలినాలోని ఏ మిల్లులో తయారయిందో పట్టుకున్నారు. 1935 విచారణలో, నిందితుడి ఇంట్లో దొరికిన చేతి చిత్రిక వదిలే గీతలకూ నిచ్చెన మీది గీతలకూ ఉన్న పోలికను న్యాయస్థానంలో చూపించారు. మన ఊరి వడ్రంగి ఎవరైనా ఆ వాదనను తేలికగా అర్థం చేసుకోగలడు.

వర్గం, ఉపవర్గం, ప్రత్యేకత

గుర్తులోని లక్షణాలను మూడు మెట్లుగా విడదీసి చూడడం అలవాటు కావాలి. తయారీదారు రూపకల్పనలోనే నిర్ణయమైపోయినవి వర్గ లక్షణాలు. ఉలి వెడల్పు అటువంటిది. తయారీలో వాడిన కోతపరికరం వల్ల ఒక దఫా సరుకు మొత్తానికి సంక్రమించినవి ఉపవర్గ లక్షణాలు. తయారీలోని యాదృచ్ఛిక లోపాలవల్ల గానీ, తరువాత వాడకం, తుప్పు, దెబ్బల వల్ల గానీ ఆ ఒక్క వస్తువుకే ఏర్పడినవి ప్రత్యేక లక్షణాలు. పరిశీలన ఎప్పుడూ ఈ వరుసలోనే నడవాలి. వర్గ లక్షణం ఒక్కటి స్పష్టంగా విభేదించినా ఆ తుపాకీ పక్కకు పోతుంది. ఇక సన్నగీతల జోలికి వెళ్ళనక్కరలేదు.

తుపాకీ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. గాడికీ గాడికీ మధ్య ఎత్తుగా మిగిలినవి గట్లు. బుల్లెట్ వ్యాసం గట్ల మధ్య దూరంకంటే కొద్దిగా ఎక్కువ కావడంతో, అది బిగుతుగా తిరుగుతూ బయటపడేటప్పుడు గట్లు దాని ఒంటిని కోస్తాయి. గాడుల సంఖ్య, మెలి కుడికా ఎడమకా, గట్ల వెడల్పు, బుల్లెట్ వ్యాసం, ఇవి ఇక్కడి వర్గ లక్షణాలు. మన పోలీసులు దశాబ్దాలపాటు మోసిన పాత .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లో సాధారణంగా 5 గాడులు, ఎడమ మెలి ఉంటాయి. కోల్ట్ రివాల్వర్లలో సంప్రదాయంగా 6 గాడులు, ఎడమ మెలి. స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లలో 5 గాడులు, కుడి మెలి. పేరును బట్టి కొలతను ఊహించుకోవడం మాత్రం ప్రమాదం: .38 స్పెషల్ బుల్లెట్ వ్యాసం నిజానికి 0.357 అంగుళం, .303 బుల్లెట్ వ్యాసం దాదాపు 0.311 అంగుళం.

బుల్లెట్ ఎముకకు తగిలి ముక్కలైపోయినా చిన్న లెక్కతో చాలా తెలుసుకోవచ్చు. ఒక ముక్కమీద ఒక గట్టు గుర్తు, ఒక గాడి గుర్తు పక్కపక్కన మిగిలాయనీ, రెండింటి వెడల్పు కలిపి 4.7 మిల్లీమీటర్లు వచ్చిందనీ అనుకుందాం. అది 9 మి.మీ. బుల్లెట్ అయితే వ్యాసం సుమారు 9.02 మి.మీ., చుట్టుకొలత సుమారు 28.3 మి.మీ. దాన్ని 4.7తో భాగిస్తే 6 వస్తుంది, అంటే గొట్టంలో ఆరు గాడులున్నాయి. అయిదు గాడుల గొట్టమైతే ఆ జత వెడల్పు 5.7 మి.మీ. దగ్గర ఉండాలి. కాగితం, కాలిక్యులేటర్ ఉంటే ఎవరైనా చేయగల ఈ లెక్కను పది రకాల కొలతలతో చేసి చూడండి.

ఈ మెట్టును దాటవేస్తే ఏమవుతుందో 1915లో న్యూయార్క్ రాష్ట్రంలో చార్లెస్ స్టీలో అనే పాలేరుకు అనుభవంలోకి వచ్చింది. యజమానినీ, ఇంటిపని చూసే ఆమెనూ చంపిన .22 బుల్లెట్లు అతని రివాల్వర్‌లోంచే వచ్చాయని నిపుణుడిగా చెప్పుకున్న ఒకాయన సాక్ష్యమిచ్చాడు, మరణశిక్ష పడింది. తరువాత జరిగిన పునఃపరిశీలనలో ఆ రివాల్వర్‌ను కాల్చి చూసి మైక్రోస్కోపు కింద పెడితే గట్ల, గాడుల తీరే వేరని తేలింది. 1918లో అతను విడుదలయ్యాడు. ఆ పునఃపరిశీలనలో పాల్గొన్న చార్లెస్ వెయిట్ ఆ తరువాత దేశదేశాల తుపాకుల కొలతలు సేకరించడం మొదలుపెట్టాడు. 1925 ప్రాంతంలో కాల్విన్ గొడ్డార్డ్, ఫిలిప్ గ్రావెల్, జాన్ ఫిషర్లతో కలిసి న్యూయార్క్‌లో ప్రత్యేక కార్యాలయం పెట్టాడు. రెండు మైక్రోస్కోపులను ఒక వంతెనతో కలిపి రెండు వస్తువులను ఒకే వృత్తంలో పక్కపక్కన చూపించే కంపారిజన్ మైక్రోస్కోపు ఈ రంగంలోకి వచ్చింది ఆ బృందం వల్లనే.

ఉపవర్గ లక్షణాల విషయంలోనే అనుభవజ్ఞులు కూడా తప్పటడుగు వేస్తారు. ఒకే కోతపరికరంతో వరుసగా తయారైన గొట్టాల్లో, ఆ పరికరం పంటిమీది లోపం అన్నిటికీ ఒకే రకమైన గీతను వదలవచ్చు. ఆ గీతను ఒక్క తుపాకీకే పరిమితమైన గుర్తుగా భ్రమిస్తే తప్పుడు గుర్తింపు జరిగిపోతుంది. దీనికి విరుగుడు తయారీ పద్ధతులు తెలుసుకోవడమే. హైదరాబాద్ బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఒక లేత్ షాపు యజమానిని అడిగి ఒక పూట అక్కడ కూర్చోండి. కోతపరికరం కొత్తగా ఉన్నప్పుడు, మొద్దుబారినప్పుడు, లోహపు రజను అడ్డుపడినప్పుడు ఉపరితలం ఎలా మారుతుందో చూడండి. గీత పనితలం మొదటినుంచి చివరిదాకా మారకుండా సాగుతుంటే దాన్ని అనుమానించాలి. మధ్యలో పుట్టి మధ్యలో ఆగిపోయే, తీరు మార్చుకునే గీతలే ఎక్కువ నమ్మదగినవి.

ఖాళీ తూటా, నాటు తుపాకీ

బుల్లెట్ మీద పడేవి ఎక్కువగా గీరుడు గుర్తులు. ఖాళీ తూటా మీద రెండు రకాలూ దొరుకుతాయి. తుపాకీలోని సూది (ఫైరింగ్ పిన్) టోపీని గుద్దిన చోట గుంట పడుతుంది. పేలుడు ఒత్తిడికి తూటా అడుగు వెనక్కి నెట్టుకుపోయి తుపాకీ వెనుకగోడకు అదుముకోవడంతో, ఆ గోడమీది ఆకురాయి గీతలు, మరకలు టోపీమీద ముద్రపడతాయి. పట్టిలాగే కొక్కెం, బయటికి విసిరే కొన కూడా అంచున గుర్తులు వదులుతాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొక్కెం, విసిరే కొన గుర్తులు కాల్చకుండా తూటాను లోపలికెక్కించి బయటికి తీసినా పడవచ్చు. కాబట్టి అవి ఆ తూటా ఆ తుపాకీలోకి వెళ్ళొచ్చిందనే చెబుతాయి గాని, అందులోనే పేలిందని చెప్పవు. పేలిందనడానికి సూది గుంట, వెనుకగోడ ముద్రలే ఆధారం.

పాశ్చాత్య పాఠ్యపుస్తకాలు చదివినవారికి మన దేశంలో ఎదురయ్యే వింత నాటు తుపాకీ. ఉత్తరాది నుంచి వచ్చే కట్టా, తపంచాలకు చాలావరకు గాడులు లేని నున్నటి గొట్టం ఉంటుంది. అది ఏ నీళ్ళ పైపు ముక్కో కావచ్చు. అందులోంచి వెళ్ళిన బుల్లెట్ అటూ ఇటూ తగులుతూ పోతుంది కనుక ఒకసారి పడిన గీత రెండోసారి పడకపోవచ్చు. అయితే చేత్తో ఆకురాయి పట్టిన వెనుకగోడ, మొరటుగా నూరిన సూది ఖాళీ తూటా మీద బలమైన ప్రత్యేక గుర్తులు వదులుతాయి. బుల్లెట్ దగ్గర కష్టపెట్టిన మొరటుతనమే ఖాళీ తూటా దగ్గర సాయం చేస్తుందన్నమాట. ఏజెన్సీ ప్రాంతాల్లో వేటకు వాడే, మూతినుంచి మందు కూరే తుపాకులకు ఆ అవకాశం కూడా లేదు, వాటికి తూటాయే ఉండదు. 12 బోర్ తుపాకీ రవ్వల మీద గొట్టపు గుర్తులు మిగలవు కనుక అక్కడా తూటా అడుగే దిక్కు. 12 బోర్ అంటే పౌను సీసంతో పోసిన పన్నెండు సమాన గుండ్లలో ఒకటి పట్టే గొట్టమని అర్థం, సుమారు 18.5 మి.మీ.

సాక్ష్యాన్ని ముట్టుకునే తీరు

ల్యాబుకు చేరేలోగా చెడిపోయిన గుర్తును ఏ మైక్రోస్కోపూ తిరిగి తేలేదు. అనుమానిత స్క్రూడ్రైవర్ సరిపోతుందో లేదో చూద్దామని తలుపుమీది గుర్తులో పెట్టి చూడడం క్షమించరాని తప్పు. పాత గుర్తు చెరిగిపోతుంది, రంగు పెచ్చులు ఇటునుంచి అటు అంటుకుంటాయి. వీలైతే గుర్తున్న భాగాన్నే కోసి తీసుకోవాలి, కాకపోతే కొలబద్ద పెట్టి ఫొటో తీశాక సిలికాన్ ముద్ర తీయాలి. శవపరీక్షలో బుల్లెట్‌ను పళ్ళున్న పటకారుతో లాగితే కొత్త గీతలు పడతాయి. వేళ్ళతో గానీ రబ్బరు తొడిగిన పటకారుతో గానీ తీయాలి. గుర్తుపట్టే అక్షరాలు బుల్లెట్ పక్కల మీద కాక అడుగున చెక్కాలి. రక్తపు తడి ఆరనిచ్చి, మెత్తని కాగితంలో చుట్టి, ఒక్కో వస్తువును ఒక్కో పెట్టెలో సీలు చేసి, పంచనామాలో రాసిన వర్ణనకూ పెట్టెమీది చీటీకీ తేడా రాకుండా చూసుకోవాలి. న్యాయస్థానంలో చాలా కేసులు మైక్రోస్కోపు దగ్గర కాదు, ఈ సీలు దగ్గర వీగిపోతాయి. తుపాకీ గొట్టంలో పెన్సిల్ దూర్చి ఎత్తడం సినిమాల్లోనే చూడాలి.

పోల్చడం, చెప్పడం

ల్యాబులో అనుమానిత తుపాకీని నీళ్ళ తొట్టిలోకో, దూది పెట్టెలోకో కాల్చి నమూనాలు తీస్తారు. నాటు తుపాకీ చేతిలోనే పేలిపోవచ్చు కనుక దాన్ని బిగించి దూరంనుంచి తాడుతో కాలుస్తారు. నమూనాలు రెండు మూడు ఉండాలి. వాటిని ముందు ఒకదానితో ఒకటి పోల్చాలి. తన గుర్తును తానే రెండుసార్లు ఒకేలా వేయలేని తుపాకీతో ఘటనాస్థలపు బుల్లెట్‌ను పోల్చి ప్రయోజనం లేదు. ఆ తరువాతే అసలు పోలిక. ఇక్కడ కొత్తవారికి నా సలహా ఒక్కటే: కలిసే గీతలకంటే ముందు కలవని గీతలను వెతకండి. రెండు బుల్లెట్లను తిప్పుతూ పోతే ఎక్కడో ఒకచోట నాలుగు గీతలు కలవడం సహజం. తుపాకీ వేరైనా కలుస్తాయి.

ఎన్ని కలిస్తే చాలు? 1969లో ఏర్పడిన అమెరికన్ తుపాకీ పరిశీలకుల సంఘం చెప్పే ప్రమాణం తగినంత పొంతన ఉండడం. ఆ తగినంత ఎంతో అంకెల్లో చెప్పదు. ఆల్ఫ్రెడ్ బియాసొట్టి, జాన్ మర్డాక్ 1997లో వరుసగా కలిసే గీతలను లెక్కపెట్టే పద్ధతిని ప్రతిపాదించారు. లోతు తెలిసే గుర్తుల్లో మూడేసి గీతల వరుసలు రెండు గానీ, ఆరు గీతల వరుస ఒకటి గానీ ఉండాలి. లోతు తెలియని వాటిలో అయిదేసి రెండు గానీ, ఎనిమిది ఒకటి గానీ ఉండాలి. అందరూ దీన్ని వాడరు. అయినా నేర్చుకునేవారు లెక్కపెట్టి తీరాలన్నది నా పట్టుదల, ఎందుకంటే చాలా కలిశాయని అనిపించడానికీ ఏడు కలిశాయని రాయడానికీ మధ్య ఉన్న దూరం అప్పుడే తెలుస్తుంది.

ముగింపు నాలుగు రకాలు: అదే తుపాకీ, అది కాదు, తేల్చలేము, పోల్చడానికి పనికిరాదు. మూడోదాన్ని చేతకానితనంగా భావించవద్దు. అమెరికాలోని ఏమ్స్ ప్రయోగశాల 2014లో ప్రకటించిన అధ్యయనంలో వేర్వేరు తుపాకుల ఖాళీ తూటాలను ఇచ్చినప్పుడు, సుమారు 2,180 పోలికల్లో 22 సార్లు పరిశీలకులు ఒకే తుపాకీ అని తప్పుగా చెప్పారు. అంటే సుమారు ఒక శాతం. తేల్చలేమన్న 735 జవాబులను పక్కన పెట్టి లెక్కిస్తే అది 66లో ఒకటి అవుతుంది. 2016లో అమెరికా అధ్యక్షుడి శాస్త్ర సలహామండలి ఈ రెండో లెక్కనే ప్రస్తావించి, ఇటువంటి అధ్యయనాలు మరిన్ని కావాలంది. 2023లో మేరీలాండ్ అత్యున్నత న్యాయస్థానం అబ్రూక్వా కేసులో, ఈ తుపాకీలోంచే వచ్చిందని షరతులేవీ లేకుండా చెప్పడానికి నిపుణుణ్ణి అనుమతించి ఉండకూడదని తీర్పిచ్చింది. తేల్చలేమన్న జవాబును ఎలా లెక్కించాలన్న తగవు ఇంకా నడుస్తూనే ఉంది.

మన న్యాయస్థానాల తీరు కొంత వేరు. 1958 నాటి కలువా కేసులో సుప్రీంకోర్టు ఖాళీ తూటా పోలికను ముఖ్య ఆధారంగా అంగీకరించింది. 1999లో ఢిల్లీలో జరిగిన జెస్సికా లాల్ హత్య కేసులో పిస్తోలు దొరకనే లేదు. రెండు ఖాళీ తూటాలు రెండు వేర్వేరు తుపాకుల నుంచి వచ్చినట్టు కనబడుతున్నాయన్న అభిప్రాయం 2006లో కింది కోర్టులో నిందితులకు కలిసివచ్చింది. అదే ఏడాది హైకోర్టు, 2010లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. నిపుణుల అభిప్రాయానికి చోటిచ్చిన సాక్ష్య చట్టం 45వ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం 39వ సెక్షన్ వచ్చింది. ఏడేళ్ళు, అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి వెళ్ళాలని సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహిత 176వ సెక్షన్ చెబుతోంది. ఈ రంగంలో కొలువులపై ఆశపెట్టుకున్నవారు ఈ రెండు సెక్షన్లనూ చదివి ఉండాలి.

వృత్తిగా చేపట్టాలంటే భౌతికశాస్త్రం గానీ ఫోరెన్సిక్ శాస్త్రం గానీ చదివి ప్రభుత్వ ల్యాబులో శిక్షణ పొందడం తప్ప అడ్డదారి లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఫోరెన్సిక్ సైన్స్ ఎమ్మెస్సీ ఉంది. గాంధీనగర్‌లో జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ఉంది. హైదరాబాద్‌లోనే రామంతాపూర్‌లో కేంద్ర ల్యాబు, రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ల్యాబు ఉన్నాయి. ఇంట్లో కూర్చుని నిజమైన బుల్లెట్ల ఉపరితలాలు చూడాలనుకుంటే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఉచితంగా ఉంచిన బాలిస్టిక్స్ టూల్‌మార్క్ డేటాబేస్‌లో త్రిమితీయ కొలతలు దొరుకుతాయి.

నెల గడిచాక మీకు మీరే ఒక పరీక్ష పెట్టుకోండి. నాలుగు పనిముట్లతో పది నమూనా గీతలు తీసి, ఇంట్లో ఎవరిచేతనైనా వాటిని కలగాపులగం చేయించి, మీకు తెలియని అంకెలు వేయించండి. మీ దగ్గర లేని అయిదో పనిముట్టుతో, పక్కింటివాళ్ళ ఉలి అయినా సరే, పదకొండో గీతను వాళ్ళచేతే తీయించి అందులో కలపమనండి. ఉన్న నాలుగింటిలో ఏదో ఒకటే అయి ఉండాలని ముందే తెలిస్తే మిగిలినదాన్ని ఊహించి చెప్పేయవచ్చు. ఏదీ కాకపోవచ్చన్నప్పుడే పరీక్ష నిజమైనది అవుతుంది. జవాబులన్నీ కాగితంమీద సిరాతో రాసి సంతకం పెట్టాకే అసలు జాబితా విప్పండి.